మెడకా, ఛాతీకా: కుక్క బెల్టు ఎంపికలో బలం లెక్క

కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకున్నవారు పెంపుడు జంతువుల దుకాణానికి వెళితే, ఒక గోడ నిండా బెల్టులు వేలాడుతూ కనిపిస్తాయి. నైలాన్ మెడ బెల్టులు, తోలు బెల్టులు, మెరిసే ఇనుప గొలుసులు, లాగితే బిగుసుకునే చోక్ చైన్లు, ‘బాడీ బెల్టు’ అని అడిగితే చూపించే హార్నెస్‌లు. చాలామంది రంగు, ధర చూసి ఒకటి కొనేస్తారు. రేపు ఆ కుక్క పిల్లిని చూసి ఒక్కసారిగా ముందుకు లాగితే ఆ బలమంతా దాని ఒంట్లో ఎక్కడ పడుతుందన్న ప్రశ్న మాత్రం ఆ బేరంలో రాదు. అసలు అడగాల్సింది అదే.

మన రైతులకు ఈ ప్రశ్న కొత్త కాదు. బండి లాగే ఎద్దుకు కాడిని మెడపైన, మూపురానికి ముందు ఆనిస్తారు. బరువంతా అక్కడి దిట్టమైన కండరాల మీద పడుతుంది. గొంతు కింద కట్టే పట్టీ కాడి జారకుండా ఆపడానికే తప్ప బండిని లాగడానికి కాదు. కుక్క మెడ బెల్టు విషయంలో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. కుక్క ముందుకు లాగుతుంది, యజమాని వెనక్కి లాగుతాడు, బెల్టు గొంతు ముందు భాగంలో నొక్కుకుంటుంది. అక్కడ చర్మం కిందనే వాయునాళం ఉంటుంది. దాని పక్కనే థైరాయిడ్ గ్రంథి, తలకు రక్తం తీసుకెళ్లే ధమనులు, తిరిగి తెచ్చే సిరలు, నరాలు ఉంటాయి. ఎముక రక్షణ ఉన్నది మెడ పైభాగంలో. ఒత్తిడి పడేది కింది భాగంలో.

ఆ ఒత్తిడి ఎంత? బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం వస్తుందని హైస్కూలు పాఠం. 12 సెంటీమీటర్ల వ్యాసమున్న మెడకు రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు బెల్టు కట్టి, 40 న్యూటన్ల బలంతో లాగామనుకుందాం. అంటే దాదాపు 4 కిలోల బరువును మోసేంత బలం. అది బెల్టు ఆనిన ముందు భాగమంతటా సమానంగా పరుచుకుంటే పీడనం 13 కిలోపాస్కల్‌ల దగ్గర ఉండాలి. నిజంగా అలా పరుచుకోదు. బెల్టు అంచుల దగ్గర, గట్టిగా ఆనిన చోట అది పోగవుతుంది.

ఎంత పోగవుతుందో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలిచి, 2020లో ‘వెటర్నరీ రికార్డ్’ పత్రికలో ప్రచురించారు. కుక్క మెడ నమూనా ఒకటి తయారు చేసి, దాని మీద పీడనం కొలిచే సెన్సర్ అమర్చారు. ఏడు రకాల మెడ బెల్టులను, ఒక ఉచ్చు తాడును దానికి కట్టి మూడు విధాలుగా లాగారు. 40 న్యూటన్లతో గట్టిగా, 70 న్యూటన్లతో మరింత గట్టిగా, చివరగా సగటున 141 న్యూటన్ల కుదుపుతో. నమోదైన పీడనాలు 83 నుంచి 832 కిలోపాస్కల్‌ల దాకా ఉన్నాయి. మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనం సుమారు 101 కిలోపాస్కల్‌లు. చర్మంలోని సన్నని రక్తకేశనాళికల్లో పీడనం నాలుగైదు కిలోపాస్కల్‌లు మాత్రమే. మెత్త పొదిగినవి, వెడల్పైనవి కూడా ఆ పరీక్షలో ఉన్నాయి. లాగే కుక్కకు గాయం ముప్పు లేదనగలిగేంత తక్కువ పీడనం వాటిలో ఏ ఒక్కటీ ఇవ్వలేదు. ఇది నమూనా మెడ మీద చేసిన పరీక్ష అని గుర్తుంచుకోవాలి. బతికున్న కుక్క మెడకు బొచ్చు, కదిలే కండరాలు ఉంటాయి. అయినా బెల్టు మెత్తగా ఉంటే చాలనే ధీమాకు ఈ అంకెల్లో ఆధారం దొరకదు.

కుదుపు లెక్క వేరు. 25 కిలోల కుక్క సెకనుకు 4 మీటర్ల వేగంతో పరుగెత్తితే దాని గతిజ శక్తి 200 జౌళ్లు. లీష్ చివరికి వచ్చి 20 సెంటీమీటర్లలో ఆగిపోతే సగటు బలం 1000 న్యూటన్లు, అంటే నూరు కిలోల మనిషి బరువంత. అదే యజమాని చేయి చాచి, రెండడుగులు ముందుకు వేసి, మీటరు దూరంలో ఆపగలిగితే బలం 200 న్యూటన్లకు దిగుతుంది. వేగంగా వచ్చే క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి తీసుకోవడం లాంటిదే ఇది. బిర్రుగా నిలబడి గొలుసును ఝాడించి లాగితే కుక్క దారికొస్తుందని ఇంకా చెప్పేవారున్నారు. వారు చెబుతున్నది ఆగే దూరాన్ని తగ్గించి బలాన్ని పెంచమనే.

చిన్న జాతుల విషయంలో ఇది మరింత కీలకం. వాయునాళాన్ని తెరిచి ఉంచేవి ‘సి’ అక్షరం ఆకారంలో ఉండే మృదులాస్థి వలయాలు. మన ఇళ్లలో బాగా కనిపించే పొమెరేనియన్‌తో పాటు చివావా, యార్క్‌షైర్ టెర్రియర్ వంటి జాతుల్లో ఈ వలయాలు బలహీనపడి నాళం చప్పబడే జబ్బు ఎక్కువ. బాతు అరుపులాంటి పొడి దగ్గు దాని గుర్తు. ఇలాంటి కుక్కకు మెడ బెల్టు కట్టి లాగకూడదు; పశువైద్యులు హార్నెస్ వాడమనే చెబుతారు. సన్నని గొట్టంలో సాఫీగా సాగే ప్రవాహం దాని వ్యాసార్ధపు నాలుగో ఘాతాన్ని అనుసరిస్తుంది. వ్యాసార్ధం 20 శాతం తగ్గితే, అదే పీడన తేడాతో వెళ్లే గాలి సగం కన్నా తక్కువకు పడిపోతుంది. శ్వాస మార్గం కచ్చితంగా అలాంటి గొట్టం కాకపోయినా, చిన్న నొక్కుకు పెద్ద మూల్యం ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది. పైగా కుక్క చల్లబడేది ప్రధానంగా నాలుక చాచి రొప్పడం ద్వారానే. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కను మే నెలలో, ఎండ ఎక్కిన తర్వాత, మెడ బెల్టు బిగిసేలా నడిపిస్తే దాని శీతలీకరణ వ్యవస్థను నొక్కి పట్టినట్టే.

కళ్ల సంగతి చాలామందికి తట్టదు. 2006లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 26 కుక్కలకు మెడ బెల్టుతోనూ, హార్నెస్‌తోనూ లాగుడు బలం ఇచ్చి కంటి లోపలి పీడనం కొలిచారు. మెడ బెల్టుతో అది గణనీయంగా పెరిగింది. హార్నెస్‌తో అలా పెరగలేదు. గ్లకోమా ఉన్న కుక్కలకు, కార్నియా పలచబడిన కుక్కలకు హార్నెస్సే వాడాలని ఆ పరిశోధకులు సూచించారు.

అయితే హార్నెస్ అని రాసి ఉన్న ప్రతిదీ మంచిదేమీ కాదు. కుక్క ముందు కాళ్లు దాని బరువులో దాదాపు 60 శాతం మోస్తాయి. పైగా కుక్క భుజపుటెముక మన భుజంలా జత్రుక ద్వారా అస్థిపంజరానికి అతుక్కొని ఉండదు. కండరాలతోనే వేలాడుతూ ప్రతి అడుగుకూ ముందుకూ వెనక్కూ జారుతుంది. ఛాతీకి అడ్డంగా పోయే పట్టీ ఈ కదలికకు అడ్డుపడుతుందని భావించి, ఛాతీ ఎముక మీదుగా ‘వై’ అక్షరం ఆకారంలో వెళ్లే వాటిని ‘కదలికను అడ్డుకోనివి’ అని అమ్ముతుంటారు. 2019లో తొమ్మిది కుక్కల మీద ఈ రెండు రకాలనూ పరీక్షించిన ఒక అధ్యయనంలో రెండూ భుజం చాపును తగ్గించాయి. అడ్డుకోదని పేరున్నదే ఎక్కువగా తగ్గించింది! తొమ్మిది కుక్కలతో తుది తీర్పు చెప్పలేం. బలాన్ని గొంతు మీద కాక ఛాతీ ఎముక మీద పడేయడం ‘వై’ ఆకారానికి ఉన్న మేలు, అది అలాగే ఉంది. కానీ పెట్టె మీది మాటను కాకుండా, తొడిగిన తర్వాత కుక్క నడకను చూసి కొనాలి. అడుగులు పొట్టిగా పడుతున్నా, చంకల్లో పట్టీ ఒరుసుకుంటున్నా అది ఆ కుక్కకు సరిపోనట్టే.

హార్నెస్ వేస్తే లాగడం మానుతుందనుకోవడం కూడా పొరపాటే. వెనుక, వీపు మీద కొక్కెం ఉన్న హార్నెస్‌తో కుక్కకు లాగడం హాయిగా ఉంటుంది. మంచు బండ్లు లాగే కుక్కలకు కట్టేది కూడా ఛాతీ మీద ఆనే పట్టీయే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆశ్రయ కేంద్రంలోని 23 కుక్కలతో చేసి 2021లో ప్రచురించిన ప్రయోగంలో, ఎదురుగా తిండి పెట్టినప్పుడు కుక్కలు మెడ బెల్టుతో కంటే హార్నెస్‌తోనే గట్టిగా, ఎక్కువసేపు లాగాయి. ఛాతీ మీద కూడా కొక్కెం ఉన్న హార్నెస్ ఇక్కడ పనికొస్తుంది. లీష్ పక్కకు లాగగానే కుక్క ముందు భాగం మనవైపు తిరుగుతుంది. బలంతో ఆపడానికి బదులు బలభ్రామకంతో మళ్లించడం అన్నమాట. మూతికి తగిలించే హెడ్ హాల్టర్‌దీ ఇదే సూత్రం. ఎద్దుకు ముకుతాడు వేసినట్టు, తలను తిప్పితే ఒళ్లు తిరుగుతుంది. కానీ దాన్ని కుదిపితే మెడ మెలిపడుతుంది కాబట్టి కొత్తవారికి అది మొదటి ఎంపిక కాకూడదు.

లీష్ విషయంలో పెద్దగా తికమక లేదు. మీటరున్నర నుంచి రెండు మీటర్ల నైలాన్ లేదా నూలు పట్టీ చాలు. స్ప్రింగుతో చుట్టుకుపోయే సన్నని తాడు రకం కుక్కను వేగం పుంజుకోనిచ్చి ఆపై ఒక్కసారిగా ఆపుతుంది. పైన చూసిన 200 జౌళ్ల లెక్క అక్కడే నిజమవుతుంది. దాని స్ప్రింగు ఎప్పుడూ కొద్దిగా బిగువుగానే ఉంటుంది కాబట్టి, లాగితే తాడు వస్తుందన్న పాఠం కుక్కపిల్ల మొదటి వారంలోనే నేర్చేసుకుంటుంది. నేర్పాల్సింది తాడు వదులుగా ఉన్నప్పుడే నడక సాగుతుందని. లీష్ బిగియగానే ఆగిపోవాలి, సడలగానే నడవాలి. తాడు వదులుగా ఉన్నంతసేపూ ఏ బెల్టైనా దాదాపు సమానమే, ఎందుకంటే లాగే బలమే లేదు.

కుక్కపిల్లకు ఖరీదైనది కొనడం వృథా. చిన్న జాతులు ఏడాది లోపే, పెద్ద జాతులు ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా పెరుగుతూనే ఉంటాయి. సర్దుకునే పట్టీలున్న తేలికైన హార్నెస్ తీసుకుని, వారానికోసారి కింద రెండు వేళ్లు దూరుతున్నాయో లేదో చూడాలి. మరీ వదులైతే కుక్క వెనక్కి జరిగి తప్పించుకుంటుంది. ముధోల్, కారవాన్ వంటి వేట కుక్కలకు తల మెడ కన్నా సన్నగా ఉంటుంది కాబట్టి మామూలు బెల్టు ఇట్టే జారిపోతుంది. వాటికి కొంతవరకే బిగుసుకునే మార్టింగేల్ బెల్టులున్నాయి. వీధి కుక్కల గుంపు ఎదురయ్యే మన రోడ్ల మీద, బెదిరిన కుక్క జారిపోతే అది వాహనం కింద పడటమో, ఎవరినైనా కరవడమో జరగవచ్చు. యజమాని ఫోన్ నంబరు బిళ్ల కోసం ఒక తేలికైన మెడ బెల్టు, లీష్ తగిలించడానికి హార్నెస్ విడివిడిగా ఉంచడం మేలు.

ఇంటి గేటు దగ్గర పొట్టి గొలుసుతో రోజంతా కట్టేసే కుక్కలకు ఈ చర్చ అంతా అందదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ మరీ పొట్టి, మరీ బరువైన గొలుసుతో అసమంజసమైనంత సేపు కట్టేయడాన్ని, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు యజమాని తగిన వ్యాయామం ఇవ్వకపోవడాన్ని కూడా నేరంగానే చెబుతోంది.

వీధి కుక్కపిల్లలకు పిల్లలు ముద్దుగా కట్టే తాళ్లు, రిబ్బన్లు మరో రకం ప్రమాదం. మెడ పెరుగుతుంది, తాడు పెరగదు. కొన్ని వారాల్లో అది చర్మాన్ని కోసుకుంటూ లోపలికి దిగి, పుండు పడి పురుగులు పట్టాక ఎవరో గమనించి వైద్యుడి దగ్గరికి తీసుకెళతారు. అప్పుడు మత్తు ఇచ్చి కోసి తీయాల్సి వస్తుంది. రాత్రిళ్లు వాహనదారులకు కనపడాలని పలు నగరాల్లో స్వచ్ఛంద కార్యకర్తలు వీధి కుక్కలకు మెరిసే పట్టీలు కడుతున్నారు. అవి కట్టాల్సింది పెరుగుదల పూర్తయిన కుక్కలకే. అదీ ఎక్కడైనా చిక్కుకుంటే సాగేవో, ఊడిపోయేవో అయి ఉండాలి. ఆడుకునే పిల్లలు కట్టిన తాడు ఏ కుక్కపిల్ల మెడకైనా కనిపిస్తే, ఆ రోజే కత్తెరతో తీసేయవచ్చు.