హాగ్మనే

హాగ్మనే అనునది స్కాట్లాండు ప్రజల స్కాట్స్ భాషకు చెందిన ఒక పదము. సంవత్సరాంతమైన డిసెంబరు 31వ తేదీకి, ఆ రాత్రి జరిగే వేడుకలకు ఇది పేరు. పలికేటప్పుడు ఊనిక చివరి అక్షరము మీద పడుతుంది. ఈ పదము యొక్క పుట్టుకపై పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

అర్థాలు

నేడు రోజు పేరుగానే ప్రసిద్ధి చెందినా, పూర్వము ఈ పదానికి ఇంకా కొన్ని అర్థాలు ఉండేవి. ఆ రోజున పిల్లలకు ఇచ్చే కానుకను, ముఖ్యంగా ఓట్స్ పిండితో చేసిన రొట్టెను, హాగ్మనే అనేవారు. ఆ రొట్టె కోసం గుమ్మము ముందు నిలిచి పిల్లలు వేసే కేక కూడా హాగ్మనేయే. 19వ శతాబ్దములో జానపద గేయాలను సేకరించిన రాబర్ట్ ఛాంబర్స్ ఈ ఆచారాన్ని వర్ణించాడు. పేద పిల్లలు పెద్ద దుప్పటిని ముందువైపు మడిచి, ఒడిలాగా చేసుకొని, ఇల్లిల్లూ తిరిగేవారు. ఒక్కొక్కరికి రొట్టెలో నాలుగవ వంతు దక్కేది. ఇందుకోసం గృహిణులు కొన్ని రోజుల ముందు నుండే రొట్టెలు కాల్చి ఉంచేవారు. నడి శీతాకాలములో ఆ పిల్లలకు ఇది వినోదము కాదు, ఆహారము.

వ్యుత్పత్తి

పవిత్ర మాసము అనే అర్థముగల ఆంగ్లో-సాక్సన్ పదము నుండి ఇది వచ్చిందని కొందరు అన్నారు. కాని ఆ పేరు సెప్టెంబరు నెలది, కనుక ఈ వాదము నిలువదు. కొత్త ఉదయము అనే గేలిక్ మాట నుండి, పవిత్ర మాసము అనే గ్రీకు మాట నుండి వచ్చిందనేవి కేవలము ధ్వని సామ్యముపై ఆధారపడిన ఊహలు.

వీటన్నిటికంటె బలమైనది ఫ్రెంచి మూలము. ప్రాచీన ఫ్రెంచిలో అగిలాన్నఫ్ అనే పదము ఉండేది. నార్మండీ ప్రాంతములో దీని రూపము ఓగినానే. సంవత్సరపు చివరి దినము, ఆనాటి కానుక, కానుక కోసం వేసే కేక - ఈ మూడు అర్థాలూ ఆ పదానికీ ఉన్నవి. ధ్వని కలవడము యాదృచ్ఛికము కావచ్చును. మూడు అర్థాలు, ఆచారము కూడా కలవడము అంత సులభము కాదు. అయితే 1561లో ఫ్రాన్సు నుండి తిరిగివచ్చిన మేరీ రాణి ఈ పదాన్ని తెచ్చిందనే ప్రచారము సరికాదు. 1443 నాటికే ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, ఒక లాటిన్ ఖర్చుల పద్దులో, డిసెంబరు 31న ఇచ్చిన కానుకలకు దీనిని పోలిన పదము కనిపిస్తుంది.

చర్చి నిషేధము

స్కాట్లాండులో ఈ పదము 1604 నాటి ఎల్గిన్ పట్టణపు చర్చి విచారణ పత్రాలలో కనబడుతుంది. శనివారము నాడు హాగ్మనే పాటలు పాడాడని ఒక వ్యక్తిపై ఫిర్యాదు వచ్చింది. ఒక పండుగ పేరు నేరారోపణ ద్వారా గ్రంథస్థము కావడము విచిత్రమే. 1560 మతసంస్కరణ తరువాత అక్కడి చర్చి క్రిస్మస్ వేడుకలను వ్యతిరేకించింది. 1640లో పార్లమెంటు క్రిస్మస్ సెలవులను రద్దు చేసింది. శీతాకాలపు విందు వినోదాలన్నీ అందువలన సంవత్సరాంతానికి మళ్ళినవి. 1958లో గాని స్కాట్లాండులో క్రిస్మస్ ప్రభుత్వ సెలవు కాలేదు. జనవరి 1తో పాటు జనవరి 2 కూడా అక్కడ సెలవు దినమే.