కుండిక నేర్పే సంస్కారం

జలపాత్ర లేనిదే మన ఇంట శుభకార్యమేదీ ఆరంభం కాదు. పుణ్యాహవాచనానికి కలశం, సంధ్యావందనానికి పంచపాత్ర, సన్న్యాసికి కమండలువు. ఈ కమండలువుకే సంస్కృతంలో కుండిక అని మరో పేరు. ఆ పేరుతో సామవేదానికి చెందిన ఒక ఉపనిషత్తే ఉన్నది. బౌద్ధ భిక్షువుల వెంట ఆ పాత్రా, ఆ పేరూ చైనా మీదుగా కొరియా చేరాయి.

కాకతీయ గణపతిదేవుడు 1244లో మన మోటుపల్లి రేవున సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించాడు. ఆనాడు కొరియాను గోర్యో వంశం (918–1392) పాలిస్తున్నది. అక్కడి గాంగ్‌జిన్, బువాన్ ప్రాంతాల కుమ్మరి ఆవములలో పచ్చరాతి వన్నె గల మట్టిపాత్రలు రూపుదిద్దుకొనేవి. 1123లో ఆ దేశానికి వెళ్లిన చైనా రాయబార బృందంలోని షు జింగ్ వాటి వన్నెను, పనితనాన్ని తన గ్రంథంలో మెచ్చుకొన్నాడు. బుద్ధుని సన్నిధిలో జలం సమర్పించే కుండికలనూ ఆ విధంగానే చేశారు.

వాటిపై కనిపించే కొంగలు, మబ్బులు, నీటి ఒడ్డు చెట్లు అనేకం రంగులతో వ్రాసినవి కావు. పాత్ర కొంత ఆరి, ఇంకా పచ్చిగా ఉండగానే శిల్పి బొమ్మను లోతుగా చెక్కుతాడు. ఆ గాడిలో తెల్లమట్టిని, ఇనుము కలిసిన ఎర్రమట్టిని నింపుతాడు. పైకి మిగిలినదంతా గీకివేస్తాడు. ఒకసారి కాల్చి, గాజుపూత పూసి, ఆవంలో గాలిని తగ్గించి సుమారు 1200 డిగ్రీల వేడిలో మళ్లీ కాలుస్తాడు. ఎర్రమట్టి నల్లబడుతుంది, తెల్లమట్టి తెల్లగానే నిలుస్తుంది, పూత పచ్చనవుతుంది. ఎనిమిది వందల ఏళ్లు గడిచినా ఆ బొమ్మ చెరగలేదు. అది చెరగాలంటే పాత్రే పగలాలి.

గుణాధానం, దోషాపనయనం అని సంస్కారం రెండు విధాలని శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యంలో చెప్పారు. గుణాన్ని చేర్చడం ఒకటి, దోషాన్ని తొలగించడం మరొకటి. కుండికలో ఆ రెండూ ఒకేచోట కనిపిస్తాయి. తీయవలసినది తీసిన చోటనే నింపవలసినది నిలుస్తుంది.

దేవాలయానికి బిందె సమర్పించి, దానిపై తమ పేరు చెక్కించమని కోరడం మన కనిగిరి ప్రాంతంలోనూ పరిపాటి. పేరు చిన్నదైనదని, పక్కవారి పేరు ముందు వచ్చినదని మనసు కష్టపెట్టుకొనేవారూ ఉన్నారు. గోర్యో కుండికలలో దాదాపు అన్నింటికీ చేసినవారెవరో మనకు తెలియదు. పాత్ర మాత్రం నిలిచి ఉన్నది.

పాఠక మహాశయులారా! ఈసారి స్వామికి పాత్ర సమర్పించేటప్పుడు ముందుగా మనస్సులోని అహంకారాన్ని కొంత చెక్కి తీయండి. ఆ చోటున భక్తిని నింపండి. బిందె మీద పేరు లేకపోయినా అందులోని అభిషేక జలం స్వామికి చేరుతుంది.