సూది నొప్పి సరే... మాట నొప్పి మాటేమిటి?

"మా వంశంలో ఎవరికీ లేదమ్మా ఈ రోగం. నీ వల్లే వచ్చింది!"

తలసేమియా ఉన్న బిడ్డను కన్న తల్లికి అత్తింట్లో ఎదురయ్యే మాట ఇది. నిజానికి ఈ జబ్బు తీవ్రంగా రావాలంటే తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ లోపం బిడ్డకు చేరాలి. ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉన్నట్టే. మరి నింద తల్లికొక్కదానికేనా?

ఈ పిల్లల ఒంట్లో రక్తం సరిగా తయారవదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాల్సిందే. దాంతోపాటు పేరుకుపోయే ఇనుమును తగ్గించడానికి రోజూ మందులు. ఏళ్ల తరబడి ఇలా తిరిగే తల్లిని చుట్టాలు అడిగేదేమిటో తెలుసా? "ఇంకా తగ్గలేదా?" అని!

ఆ కష్టం పడ్డవాళ్లకే ఆ కష్టం తెలుస్తుంది. 1998లో హైదరాబాదులో కొందరు తల్లిదండ్రులూ, డాక్టర్లూ కలిసి తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ పెట్టుకున్నది అందుకే. మొదట్లో పాతబస్తీలోని పురానీహవేలీ దగ్గర నడిచిన ఈ సంస్థ తర్వాత శివరాంపల్లికి మారింది. రక్తం ఎక్కే ఆ మూడు నాలుగు గంటలూ పక్క మంచం దగ్గర ఇంకో తల్లి ఉంటే, ఆమె తెలుగులో మాట్లాడినా ఉర్దూలో మాట్లాడినా సగం దిగులు తీరుతుంది. "మా వాడూ అంతే, సూది చూస్తే ఏడ్చేవాడు" అన్న ఒక్క మాట చాలు.

పిల్లల మనసు సంగతి వేరు. ఊహ తెలిశాక "నాకే ఎందుకమ్మా?" అంటారు. పదమూడు, పద్నాలుగేళ్లొచ్చాక మందులు మింగనని మొండికేస్తారు. అప్పుడు కసిరితే లాభంలేదు. ఆ కోపం వెనకున్న భయాన్ని వినాలి. జబ్బు సంగతి వయసుకు తగ్గట్టు చెప్పాలే తప్ప దాచకూడదు. వాళ్ల ఎదుట "పాపం" అనకండి. ఆటకి పిలవండి.

ఇరుగుపొరుగుగా మనం చేయగలిగినవీ ఉన్నాయి. ఆస్పత్రికెళ్లే రోజు వాళ్ల రెండో బిడ్డను మనింట్లో ఉంచుకోవచ్చు. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రక్తం ఇవ్వచ్చు. పెళ్లికి ముందో, నెల తప్పిన మొదట్లోనో హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించుకోమని మన ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకీ చెప్పచ్చు.

అన్నిటికంటే ముందు, ఆ తల్లి చెప్పేది అడ్డురాకుండా వినండి. సలహా తర్వాత ఇవ్వచ్చు.