పదిహేను శాతం హద్దు చాలునా? అర్ధశుష్క ప్రాంతపు ఏటి వేదికల మీది సోడియం బంకనేలలు: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు రైతు చౌడునంతటినీ ఒకే గాటన కట్టడు. ఎండాకాలంలో నేల మీద తెల్లని ఉప్పు పేరుకుంటే దానిని పాల చౌడు అంటాడు. ఉప్పు కనిపించకపోయినా నేల నల్లబడి, వాన పడితే జిగటగా, ఎండితే రాయిలా మారితే దానిని కారు చౌడు అంటాడు. మృత్తికా శాస్త్రం చేసిన లవణ నేలలు, క్షార నేలలు అనే విభజనకు ఈ రెండు మాటలూ చాలా దగ్గరగా ఉన్నాయి. కారు చౌడులోని నలుపు కూడా నిష్కారణమైనది కాదు. సోడియం కార్బనేట్ వల్ల కరిగిన సేంద్రియ పదార్థం తేమతో పైకి వచ్చి నేల ముఖాన ఎండగా ఏర్పడే రంగు అది.

ఈ రెండింటిలోనూ స్పష్టంగా చేరని నేల మరొకటి ఉంది. అర్ధశుష్క ప్రాంతాల్లో వాగులు, చిన్న నదుల ఒడ్డున ఉన్న చదునైన వేదికల మీద అది కనిపిస్తుంది. పైకి మంచి నల్లరేగడిలాగే ఉంటుంది. పరీక్షా పత్రంలో దాని వినిమయ సోడియం 7 లేదా 8 శాతమని వస్తుంది. హద్దు 15 శాతం కాబట్టి ఆ నేల సాధారణమైనదని నిర్ణయిస్తారు. పొలంలో మాత్రం వాననీరు రోజుల తరబడి నిలుస్తుంది. జానెడు లోతున మట్టి తడవదు. పైరు నీటి మధ్యనే వాడుతుంది. పత్రానికీ పొలానికీ మధ్య ఈ వైరుధ్యం ఎందుకు వస్తున్నదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు ఉదాహరణగా మహారాష్ట్రలోని పూర్ణా నదీలోయను తీసుకున్నాను.

వేదికల మీద సోడియం ఎలా చేరుతుంది?

ఒక ఏరు పూర్వం పారిన మట్టంలో ఒండ్రు మేట వేసి, తరువాత తన మార్గాన్ని లోతుగా కోసుకుపోతే, పాత మేట ఒడ్డున మెట్టులా మిగులుతుంది. అదే ఏటి వేదిక. దాని వాలు సాధారణంగా చాలా తక్కువ. ఎగువ నేలల్లో శైథిల్యం చెందిన ఖనిజాల నుంచి వెలువడిన అయాన్లు నీటితోపాటు ఇక్కడికి చేరతాయి. ఇక్కడి నుంచి బయటికి పోవడానికి వాటికి తగిన దారి ఉండదు.

సోడియానికి మూలం తరచుగా సముద్రపు ఉప్పు కాదు, రాయే. ప్లేజియోక్లేజ్ ఫెల్డ్‌స్పార్ కార్బన్ డై ఆక్సైడ్ కలిసిన నీటితో చర్య జరిపినపుడు సోడియం, కాల్షియం, బైకార్బనేట్ అయాన్లు విడుదలవుతాయి. వర్షపాతం అధికమైన చోట ఇవి కొట్టుకుపోతాయి. అర్ధశుష్క ప్రాంతంలో వానకన్నా బాష్పోత్సేకం ఎక్కువ కాబట్టి మట్టిలోని ద్రావణం క్రమంగా చిక్కబడుతుంది. అందులో కాల్షియం కార్బనేట్ ద్రావణీయత అతి తక్కువ. అందువల్ల అది ముందుగా అవక్షేపమై సున్నపు గుళ్ళుగా మారుతుంది. కాల్షియం ద్రావణం నుంచి తప్పుకోగా సోడియం మిగులుతుంది. దాని నిష్పత్తి పెరిగేకొద్దీ అది బంకమట్టి రేణువుల మీది కాల్షియాన్ని తొలగించి ఆ స్థానాన్ని ఆక్రమిస్తుంది.

దీనినుంచి గ్రహించవలసిన విషయం ఒకటుంది. నేలలోని సున్నపు గుళ్ళను చాలామంది కాల్షియం సమృద్ధికి గుర్తుగా భావిస్తారు. కాని ఆ గుళ్ళలో చాలా భాగం ఈ నేలలోనే ఏర్పడినవైతే, అవి కాల్షియం చెలామణీ నుంచి తప్పుకున్నదని చెప్పే గుర్తులు. ఉదజని సూచిక 8.5 దాటిన చోట ఆ సున్నం కరిగే వేగం మరీ స్వల్పం. నిల్వ ఉన్నా అది పైరుకూ, నేల నిర్మాణానికీ అక్కరకు రాదు.

వాన ఎందుకు కీడు చేస్తుంది?

బంకమట్టి రేణువుల ఉపరితలం మీద రుణావేశం ఉంటుంది. రెండు ధనావేశాలు గల కాల్షియం దానిని గట్టిగా అంటిపెట్టుకుని పక్కపక్క పలకలను దగ్గరగా ఉంచుతుంది. ఒకే ఆవేశం గల సోడియం తనచుట్టూ నీటి అణువులను చేర్చుకుని ఉపరితలానికి కొంత ఎడంగా వ్యాపిస్తుంది. ఫలితంగా రేణువుల మధ్య వికర్షణ పెరుగుతుంది. రేణువులు ఉబ్బుతాయి, చివరకు ఒకదాని నుంచి మరొకటి విడిపోయి నీటిలో తేలుతాయి. అలా చెదిరిన సన్నని బంక కిందికి జారి రంధ్రాలను మూసివేస్తుంది.

ఈ చెదరడం సోడియం శాతం ఒక్కదాని మీదనే ఆధారపడదు. మట్టిలోని నీటి లవణ గాఢత దానికి ఎదురుబలం. గాఢత తగినంత ఉన్నంతవరకు రేణువులు కూడుకునే ఉంటాయి. ఒక సోడియం స్థాయిలో నేల తన జలవాహకతను నిలుపుకోవడానికి కనీసం ఎంత లవణ గాఢత కావాలి అనే ప్రశ్నను క్విర్క్, స్కోఫీల్డ్ 1955లో ప్రయోగపూర్వకంగా పరిశీలించి, ‘గడప గాఢత’ అనదగిన భావనను స్థిరపరిచారు. లవణాలు దాదాపు లేని వాననీరు ఈ గడపకు కిందికి దిగుతుంది. బావి నీటితో తడిపినప్పుడు ఓ మాదిరిగా ఇంకిన నేల తొలకరి వానకే బిగుసుకుపోవడానికి కారణం ఇదే.

హద్దు ఎక్కడిది?

అమెరికాలోని రివర్‌సైడ్ లవణీయతా ప్రయోగశాల 1954లో వెలువరించిన 60వ హ్యాండ్‌బుక్ మూడు కొలతలను వ్యాప్తిలోకి తెచ్చింది. అవి: సంతృప్త సారపు విద్యుద్వాహకత మీటరుకు 4 డెసీసీమెన్స్, వినిమయ సోడియం 15 శాతం, ఉదజని సూచిక 8.5. ఇందులో 15 శాతాన్ని ఆ గ్రంథకర్తలే తాత్కాలికమైన హద్దుగా ప్రతిపాదించారు. కాలక్రమంలో ఆ తాత్కాలికత మరుగునపడి అంకె మాత్రం నిలిచిపోయింది. ఆస్ట్రేలియాలో నార్త్‌కోట్, స్కీన్ 1972లో అక్కడి నేలలకు 6 శాతాన్నే హద్దుగా తీసుకున్నారు. ఒకే గుణానికి రెండు దేశాల్లో రెండు హద్దులు ఉండడం ఆ అంకె ప్రకృతి నియమం కాదనడానికి నిదర్శనం.

శాతం అనే కొలతలోనే ఒక చిక్కు ఉంది. వినిమయ సామర్థ్యం కిలోకు 12 సెంటీమోల్ ఉన్న తేలికపాటి ఒండ్రు నేలలో 50 శాతం సోడియం అంటే 6 సెంటీమోల్. వినిమయ సామర్థ్యం 50 ఉన్న నల్లరేగడిలో ఆ 6 సెంటీమోల్ 12 శాతమే అవుతుంది. మొదటి నేల తీవ్రమైన క్షార నేలగా నమోదవుతుంది. రెండవది హద్దుకు లోపలే ఉండిపోతుంది. పైగా రేగడిలోని బంక పాలు ఎక్కువ, అందులోని స్మెక్టైట్ ఖనిజం ఉబ్బే స్వభావం గలది. కనుక కొద్దిపాటి సోడియం కూడా దాని రంధ్రాలను మూయడానికి సరిపోతుంది. వినిమయ స్థానాల్లో మెగ్నీషియం అధికంగా ఉంటే ఈ దోషం మరింత పెరుగుతుంది.

పూర్ణా లోయ చెప్పే పాఠం

సాత్పురా కొండల్లో పుట్టిన పూర్ణా నది విదర్భలోని అమరావతి, అకోలా, బుల్ఢాణా జిల్లాల మీదుగా పారి తాపీలో కలుస్తుంది. దాని లోయలో దక్కను బసాల్ట్ నుంచి వచ్చిన స్మెక్టైట్ ఒండ్రు లోతుగా పేరుకుని ఉంది. భూగర్భజలం ఉప్పదనం కారణంగా ఈ ప్రాంతాన్ని స్థానికులు ‘ఖార్‌పాణ్ పట్టా’ అని పిలుస్తారు. ఇక్కడి నేలలు వర్టిసాల్ వర్గానికి చెందినవి. ఎండకు లోతైన నెర్రెలు విచ్చడం, అడుగు పొరల్లో మట్టి గడ్డలు ఒకదానిపై ఒకటి జారి నునుపైన తలాలు ఏర్పడడం వీటి లక్షణాలు.

బాల్పాండే, దేశ్‌పాండే, పాల్ 1996లో ప్రచురించిన అధ్యయనం ఈ లోయలో సోడియం 15 శాతానికి చాలా ముందే, 5 శాతం దాటినప్పటి నుంచే, జలవాహకతను దెబ్బతీస్తున్నదని తెలిపింది. కాల్షియం కార్బనేట్ అవక్షేపణే ఈ క్షీణతకు మూలప్రక్రియ అని కూడా వివరించింది. నాగపూర్‌లోని జాతీయ మృత్తికా సర్వేక్షణ, భూవినియోగ ప్రణాళికా సంస్థకు చెందిన డి.కె. పాల్, ఆయన సహచరులు తరువాతి కాలంలో మరొక అడుగు వేశారు. భారతీయ వర్టిసాల్‌లలో సోడియం దోషాన్ని నిర్ణయించడానికి శాతం కన్నా సంతృప్త జలవాహకతే సరైన కొలమానమనీ, మీటరు లోతు వరకు దాని సగటు గంటకు 10 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే నేలను దోషభూయిష్ఠంగా పరిగణించాలనీ ప్రతిపాదించారు.

ఈ వాదానికి మరొక వైపు నుంచి కూడా ఆధారం ఉంది. కాల్షియం గల జియోలైట్ ఖనిజాలు ఉన్న కొన్ని వర్టిసాల్‌లలో సోడియం 15 శాతం దాటినా నీరు బాగానే ఇంకుతుంది. ఆ ఖనిజం కాల్షియాన్ని ఎప్పటికప్పుడు అందిస్తూ ఉండడమే ఇందుకు కారణం. అంటే శాతం రెండు విధాలా తప్పుదారి పట్టించగలదు: చెడిన నేలను మంచిదని, మంచి నేలను చెడినదని.

నీటి నిల్వ కొలతల్లోనూ ఇలాంటి భ్రమ ఉంది. సోడియం బంకనేల ప్రయోగశాలలో ఎక్కువ నీటిని పట్టి ఉంచినట్లు కనిపిస్తుంది. కాని పొలంలో ఆ నీరు లోపలికి చేరదు. చేరినది వేళ్ళకు తగిన వేగంతో అందదు. మరీ తడి, మరీ పొడి అనే రెండు స్థితుల మధ్య దుక్కికి అనువైన అదను రెండు మూడు రోజులకు మించదు.

పరీక్ష, సవరణ

ఖరీదైన పరికరాలు లేని కళాశాలలో కూడా చేయదగిన ప్రాథమిక పరీక్ష ఉంది. ఎమర్సన్ 1967లో ప్రతిపాదించిన పద్ధతి దానికి ఆధారం. ఎండిన చిన్న మట్టిగడ్డను గాజు పాత్రలోని స్వేదనజలంలో కదపకుండా ఉంచాలి. గడ్డ విరిగి చిన్న ముక్కలుగా పడి, పైనీరు తేటగా ఉంటే అది నానడం మాత్రమే. గడ్డ చుట్టూ పాలవంటి మసక వలయం వ్యాపిస్తే రేణువులు చెదురుతున్నాయని అర్థం. ఈ పరీక్షకు బావి నీరు, కుళాయి నీరు వాడరాదు. వాటిలోని లవణాలే దోషాన్ని కప్పిపుచ్చుతాయి. నమూనాను పై 15 సెంటీమీటర్ల నుంచి మాత్రమే కాక మీటరు లోతు వరకు పొరలవారీగా సేకరించాలి. ఈ నేలల్లో సోడియం తరచుగా అడుగు పొరల్లోనే ఎక్కువ.

సవరణకు జిప్సం ప్రధాన సాధనం. హెక్టారులో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువును 20 లక్షల కిలోలుగా తీసుకుంటే, కిలోకు 1 సెంటీమోల్ సోడియాన్ని తొలగించడానికి సుమారు 1.72 టన్నుల శుద్ధ జిప్సం కావాలి. పైన చెప్పిన రేగడిలో 12 శాతాన్ని 5 శాతానికి దించాలంటే తొలగించవలసింది 3.5 సెంటీమోల్, అందుకు హెక్టారుకు దాదాపు 6 టన్నులు అవసరం. 15 శాతాన్నే హద్దుగా భావించినవారి లెక్కలో ఇదే నేలకు జిప్సం అవసరం సున్నా. హద్దు ఎంపిక రైతు పొలంలో ఇంత తేడా తెస్తుంది.

జిప్సం ఒక్కటే చాలదు. తొలగిన సోడియం బయటికి పోవడానికి మురుగు కాలువ ముందుగా ఉండాలి. జీలుగ వంటి పచ్చిరొట్ట పైరు వేసి కలియదున్నితే, వేళ్ళ శ్వాసక్రియ, కుళ్ళే రొట్ట వల్ల కార్బన్ డై ఆక్సైడ్ పెరిగి నేలలోని సున్నం కొంత కరుగుతుంది. తప్పుకున్న కాల్షియం అలా తిరిగి చెలామణీలోకి వస్తుంది. సాగునీటిలో మిగులు సోడియం కార్బనేట్ లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే మాత్రం ఈ శ్రమంతా ఎప్పటికప్పుడు వమ్మవుతుంది. కాబట్టి నేల పరీక్షతోపాటు నీటి పరీక్ష కూడా తప్పనిసరి.

ముగింపు

రాయలసీమలో కుందూ, పెన్నా, చిత్రావతి, హగరి పరీవాహకాల్లోనూ తక్కువ వాన, ఒండ్రు, బంకనేల కలిసిన చోట్లు ఉన్నాయి. అయితే ఆ ఒండ్రుకు మూలం బసాల్ట్ ఒక్కటే కాదు. గ్రానైట్, నైస్, సున్నపురాయి, షేల్ శిలల నుంచి వచ్చిన మట్టి అక్కడ ఎక్కువ. కనుక పూర్ణా లోయలోని 5 శాతాన్ని అక్కడికి యథాతథంగా తరలించడం 15 శాతాన్ని తెచ్చుకున్న పొరపాటునే మళ్ళీ చేయడం అవుతుంది. అక్కడినుంచి మనం తెచ్చుకోవలసింది అంకెను కాదు, పద్ధతిని. ప్రతి లోయలోనూ సోడియం శాతాన్ని, ఖనిజ స్వభావాన్ని, జలవాహకతను, పైరు దిగుబడిని పక్కపక్కన ఉంచి స్థానికమైన హద్దును నిర్ణయించాలి. పరిశోధక విద్యార్థులకు ఇది అనువైన, అవసరమైన క్షేత్రం. పరీక్షా పత్రం సాధారణమని చెప్పిన నేలను రైతు కారు చౌడు అంటున్నాడంటే, ముందుగా పునఃపరీక్షించవలసింది రైతు మాటను కాదు, మన కొలమానాన్ని.