వంట దినుసుల కొలతలు: ఘనపరిమాణం నుంచి బరువుకు

లక్ష్యాలు
ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
• ఒకే పాత్రలో పట్టే వేర్వేరు దినుసుల బరువులు ఎందుకు తేడాగా ఉంటాయో వివరించగలుగుతారు.
• పాత్ర కొలతను బరువుగా, బరువును పాత్ర కొలతగా మార్చగలుగుతారు.

1. పరిచయం
కర్నూలు జిల్లా కోసిగి వంటి ఊళ్లలో బియ్యం, పప్పు కొనేది కిలోల్లో. పొయ్యి దగ్గర కొలిచేది గ్లాసుతోనో, డబ్బాతోనో. ఈ రెండింటి మధ్య తేడా కొత్తది కాదు. సేరు అంటే తూకం, ధాన్యం కొలిచే పాత్ర కూడా. తూకపు సేరు 80 తులాలు, అంటే సుమారు 933 గ్రాములు. 1956 నాటి తూనికలు, కొలతల చట్టంతో దేశంలో మెట్రిక్ విధానం వచ్చింది. బరువుకు కిలోగ్రాము, ఘనపరిమాణానికి లీటరు వేరువేరుగా స్థిరపడ్డాయి. అయినా 'లీటరు అంటే కిలో' అనే భావన చాలామందిలో మిగిలిపోయింది. అది నీటికి మాత్రమే దాదాపుగా సరిపోతుంది.

2. స్థూల సాంద్రత
డబ్బాలో పోసిన గింజల మధ్య గాలి ఉంటుంది. ఆ ఖాళీలతో కలిపి ఒక లీటరు దినుసు తూగే బరువే దాని స్థూల సాంద్రత. వేరుశనగ కాయల్లో ఖాళీలు ఎక్కువ, పప్పుల్లో తక్కువ. అందువల్ల ఒకే డబ్బాలో కాయలకన్నా పప్పులు ఎక్కువ తూగుతాయి. జల్లించిన జొన్నపిండి తేలిగ్గా ఉంటుంది. అదే పిండిని కుదిపి నింపితే బరువు పెరుగుతుంది. నూనెలో గాలి ఖాళీలు లేవు, కానీ నూనె నీటికన్నా తేలిక. లీటరు వేరుశనగ నూనె సుమారు 910 గ్రాములు.

సూత్రాలు:
బరువు = ఘనపరిమాణం × స్థూల సాంద్రత
ఘనపరిమాణం = బరువు ÷ స్థూల సాంద్రత

3. ఉదాహరణ
మధ్యాహ్న భోజన పథకంలో ప్రాథమిక తరగతుల విద్యార్థికి రోజుకు 100 గ్రాముల ధాన్యం ఇవ్వాలి. 60 మందికి 6 కిలోలు కావాలి. లీటరు డబ్బాతో కొలిచిన బియ్యం 820 గ్రాములు తూగిందనుకుందాం.
కావలసిన బియ్యం = 6000 ÷ 820 = సుమారు 7.3 డబ్బాలు.
డబ్బాను కిలోగా భావించి 6 డబ్బాలే పోస్తే వచ్చేది 4920 గ్రాములు. అంటే ఒక్కొక్కరికి 82 గ్రాములే. ఆ రోజు తగ్గిన 1080 గ్రాములు పదిమందికి పైగా పిల్లల పూర్తి వాటాతో సమానం. ఎవరూ దాచుకోకపోయినా పిల్లల కంచాల్లో అన్నం తగ్గుతుంది. నిల్వ పుస్తకంలో లెక్క కుదరదు.

4. మీ పాత్రకు మీ పట్టిక
ఖాళీ పాత్రను తూయండి. దినుసును నింపి, కుదపకుండా అంచు వెంట గీసి చదును చేయండి. మళ్లీ తూసి ఖాళీ పాత్ర బరువును తీసివేయండి. ఇలా మూడుసార్లు చేసి సగటు తీసుకోండి. ఒక్కో దినుసుకు ఒక్కో సంఖ్య వస్తుంది. వాటిని వంటగది గోడపై రాసి పెట్టుకోండి. పాత్ర మారితే పట్టిక కూడా మార్చాలి. తూకం యంత్రం లేకపోతే, కిలో ప్యాకెట్‌ను విప్పి ఎన్ని గ్లాసులు వచ్చాయో లెక్కించండి. 1000ను ఆ సంఖ్యతో భాగిస్తే గ్లాసు బరువు గ్రాముల్లో వస్తుంది.

5. మీ ప్రగతిని సరిచూసుకోండి
ఇదే పథకంలో ప్రాథమిక విద్యార్థికి 5 గ్రాముల నూనె కేటాయించారు. 60 మందికి ఎన్ని మిల్లీలీటర్ల వేరుశనగ నూనె కావాలి?
జవాబు: 300 ÷ 0.91 = సుమారు 330 మి.లీ.

6. సారాంశం
పాత్ర స్థలాన్ని కొలుస్తుంది, తక్కెడ బరువును కొలుస్తుంది. ఈ రెండింటినీ కలిపేది ఆయా దినుసుల స్థూల సాంద్రత. అన్నిటికీ పనికివచ్చే ఒకే సంఖ్య లేదు.