పాటలో వినిపిస్తారు.. పేర్లలో కనిపించరు!

ఒక చిన్న పరీక్ష పెడతాను. ‘బొంబాయి’ థీమ్ మ్యూజిక్ విన్నారు కదా? 1995లో వచ్చిన సినిమా. మీరు అప్పటికి పుట్టకపోయినా ఏదో ఒక రీల్‌లో ఆ ఫ్లూట్ మీ చెవిన పడే ఉంటుంది. సినిమా తీసింది మణిరత్నం, సంగీతం ఏఆర్ రెహమాన్. టకటకా చెప్పేశారు. మరి ఆ ఫ్లూట్ వాయించింది ఎవరు?

నవీన్ కుమార్. సంగీత రంగంలో బాగా పేరున్న కళాకారుడు. ఆయన పేరు చెప్పడానికే మనం తడుముకుంటే, వెనకాల వయొలిన్లు వాయించినవాళ్ల సంగతి ఇక అడగక్కర్లేదు.

వీళ్లనే సెషన్ మ్యూజిషియన్స్ అంటారు. పిలిచినప్పుడు స్టూడియోకి వెళ్తారు. ఇచ్చిన నోట్స్ చూసి వాయిస్తారు. ఆ పూట పేమెంట్ తీసుకుని ఇంటికెళ్లిపోతారు. పాట మాత్రం ఏళ్ల తరబడి మోగుతూనే ఉంటుంది.

ఒక్కరు తప్పినా మళ్లీ మొదటికే!

మన తెలుగు పాటలు దశాబ్దాల పాటు మద్రాసు స్టూడియోల్లోనే రికార్డయ్యాయి. ఇప్పుడైతే ఎవరి ట్రాక్ వాళ్లు విడిగా ఇచ్చేస్తున్నారు. అప్పుడు అలా కాదు. వయొలిన్లు, ఫ్లూట్, తబలా, గిటార్, వాటితో పాటు గాయకులు.. అందరూ కలిసి ఒకేసారి పాడాలి, వాయించాలి. చివరి చరణంలో ఒక్కరు తడబడినా టేక్ మొత్తం మళ్లీ మొదటి నుంచే. పైగా చాలాసార్లు ఆ ట్యూన్ ఏంటో స్టూడియోకి వెళ్లేదాకా తెలీదు. కాగితం చేతికి వస్తుంది, కాసేపు రిహార్సల్, తర్వాత టేకే. ఈ పని ఎంత కష్టమో ఒక్కసారి ఊహించుకోండి.

ఆ గదులే చాలామందికి కాలేజీ కూడా. ఇళయరాజా 1976లో సంగీత దర్శకుడు కాకముందు జీకే వెంకటేశ్ దగ్గర గిటార్ వాయించారు. రెహమాన్ ‘రోజా’కి ముందు ఇళయరాజా దగ్గర, మన రాజ్-కోటి దగ్గర కీబోర్డ్ ప్లేయర్. మణిశర్మ కూడా కీబోర్డుల దగ్గర నుంచే వచ్చారు. అంటే ఇవాళ పోస్టర్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించే పేర్లు కూడా ఒకప్పుడు ఎక్కడా కనిపించనివే. వీళ్లు ముందుకొచ్చారు. పక్క కుర్చీలో కూర్చుని వాయించిన ఎంతోమంది మాత్రం అక్కడే ఉండిపోయారు.

అమెరికాలోనూ అదే కథ

ఇది మన దగ్గరే అనుకోకండి. 1960ల్లో అమెరికాలోని డెట్రాయిట్ నుంచి మోటౌన్ కంపెనీ హిట్ మీద హిట్ ఇచ్చింది. గాయకులు మారేవాళ్లు కానీ వెనక వాయించింది దాదాపు ఒకే బృందం.. ఫంక్ బ్రదర్స్. ‘మై గర్ల్’ పాట మొదట్లోనే వినిపించే ఆ బేస్ గిటార్ జేమ్స్ జేమర్సన్‌ది. ఆ వాద్యాన్ని ఎలా వాయించాలో ప్రపంచానికి నేర్పినవాళ్లలో ఆయనొకరు. కానీ మోటౌన్ రికార్డు కవర్ మీద వాద్యకారుల పేర్లు రావడానికి 1971 దాకా, మార్విన్ గే ఆల్బమ్ ‘వాట్స్ గోయింగ్ ఆన్’ దాకా ఆగాల్సి వచ్చింది. జేమర్సన్ 1983లో చనిపోయారు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది 2000లో!

లండన్‌లో క్లేర్ టోరీది ఇంకో కథ. పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ 1973లో ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’ కోసం ఆమెను పిలిచింది. ఆ పాటలో ఆమెకు మాటలే లేవు. అప్పటికప్పుడు తన గొంతుతో అల్లుకుంటూ వెళ్లింది. అందుకు ఇచ్చింది 30 పౌండ్లు. ఆల్బమ్ కోట్లలో అమ్ముడుపోయింది. ఆమె 2004లో కోర్టుకెళ్లింది. మరుసటి ఏడాది రాజీ కుదిరి, పాట స్వరకర్తల్లో ఒకరిగా ఆమె పేరూ చేరింది.

పేరు పోతే హక్కూ పోతుంది

‘డబ్బులిచ్చారుగా, ఇంకా పేరెందుకు?’ అని కొందరంటారు. నా జవాబు ఒక్కటే.. పేరుకీ డబ్బుకీ లింకుంది.

మన కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించారు. ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే, ఆ ప్రదర్శన ఇచ్చినవాళ్లకి రాయల్టీ హక్కు ఉంటుందన్నారు. సంగీతం వాయించేవాళ్లు కూడా అందులో ఉన్నారు. బాగానే ఉంది కదా? కానీ ఒక మెలిక పెట్టారు. సినిమాలో ఎవరి పాత్రయినా నామమాత్రంగా ఉండి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం వాళ్ల పేరు ఎక్కడా వేయకపోతే, రాయల్టీ విషయంలో వాళ్లు లెక్కలోకి రారు.

ఏది నామమాత్రం? ఆ ఫ్లూట్ తీసేసి ‘బొంబాయి’ థీమ్ వినండి, ఏం మిగులుతుందో! పేరు వేసి ఉంటే వాద్యకారుడి చేతిలో ఒక ఆధారం ఉన్నట్టు. వేయకపోతే వాదన మొదలుపెట్టడమే కష్టం.

అమెరికాలో ఇంటర్నెట్ రేడియో, శాటిలైట్ రేడియోల రాయల్టీలో 5 శాతం ఇలా వెనక పాడిన, వాయించినవాళ్ల కోసం చట్టమే పక్కన పెట్టింది. చిన్న వాటానే. కానీ అది దక్కాలన్నా ఫలానా పాటలో ఫలానా వ్యక్తి ఉన్నాడని ఎక్కడో రాసి ఉండాలి.

ఇప్పుడు ఇంకో గండం

కీబోర్డులు వచ్చాక హాలు నిండా కూర్చునే వయొలిన్ బృందాలు తగ్గిపోయాయి. ఒక్క మీట నొక్కితే వీణ, ఇంకోటి నొక్కితే షెహనాయ్. అయితే ఆ శాంపిల్ కూడా ఒకప్పుడు ఎవరో నిజంగా వాయించిందే! ఇక ఏఐ మ్యూజిక్ వచ్చింది. అది నేర్చుకునేది కూడా మనుషులు వాయించిన పాటల నుంచే. ఎవరి వేళ్ల నుంచి ఏం నేర్చుకుందో అడగాలన్నా పేర్లు ఉండాలి కదా.

దారి చూపినవాళ్లు లేకపోలేదు. రెహమాన్ తన ఆల్బమ్‌ల క్యాసెట్, సీడీ కవర్ల మీద వాద్యకారుల పేర్లు వేయించారు. ఇవాళ అంత చోటు సమస్య కూడా లేదు. ఫోన్ తెరకి హద్దేముంది? అయినా యాప్‌లో క్రెడిట్స్ తెరిస్తే చాలా పాటలకి గాయకుడు, రచయిత, సంగీత దర్శకుడితోనే ఆగిపోతోంది.

అందుకే నాకు పాట నచ్చితే ముందు క్రెడిట్స్ తెరుస్తాను. మీరూ ఓసారి చూడండి. స్పాటిఫైలో పాట పక్కన మూడు చుక్కలు నొక్కితే కనిపిస్తాయి. అక్కడ పేరుంటే ఆ కళాకారుణ్ని వెతికి ఫాలో అవ్వండి. లేకపోతే యూట్యూబ్‌లో ఆ పాట కింద ‘సింగర్ సూపర్’ అనే కామెంట్‌తో పాటు ఇంకో లైన్ రాయండి: ‘ఫ్లూట్ ఎవరు?’ వందమంది అడిగితే మ్యూజిక్ కంపెనీ డిస్క్రిప్షన్‌లో ఒక లైన్ చేర్చడం పెద్ద పనేం కాదు.