గాలితో కరెంటు ఎలా?

చెవి మిషన్‌లో వేసే జింక్-గాలి బ్యాటరీ చూశారా? స్టిక్కర్ పీకితేనే పనిచేస్తుంది. చిల్లుల్లోంచి ఆక్సిజన్ లోపలికి వెళ్లాలి మరి! గాలిలో అది దాదాపు 21 శాతం, కొరత లేదు. చిక్కల్లా దాని మొండితనమే. రెండు ఆక్సిజన్ పరమాణువుల జంట ఓ పట్టాన విడిపోదు. కరెంటు రావాలంటే దాన్ని విడదీయాలి, అందుకు ఉత్ప్రేరకం కావాలి. ప్లాటినం బాగా పనిచేస్తుంది, ధరే మండిపోతుంది.

చవకైన కార్బన్ ఒంటరిగా మందకొడి. అందుకే కార్బన్ నానో గొట్టాల్లో అక్కడక్కడా నైట్రోజన్ పరమాణువును కూర్చోబెడతారు. అది ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది. పక్క కార్బన్‌కు కాస్త ధనావేశం వస్తుంది. ఆక్సిజన్ అక్కడ అతుక్కుంటుంది, బంధం సడలుతుంది. క్షార ద్రావణంలో ఇలాంటి గొట్టాలు ప్లాటినాన్ని మించాయని 2009లో అమెరికాలో లిమింగ్ డై బృందం చూపింది. ఆమ్లంలో మాత్రం ఇంకా ప్లాటినానిదే పైచేయి.